సభలో జరగని చర్చ ఎక్కడ జరుగుతుంది?

శాసనసభ సమావేశాలు టీవీలో వస్తున్నప్పుడు నేను బిల్లు ప్రతిని ఒళ్లో పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చుంటాను. చట్టాలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చడం నా పని. రైతు సంఘాలవారు, జిల్లా కోర్టుల్లో వాదించే న్యాయవాదులు, అప్పుడప్పుడు పత్రికలవారు అడుగుతుంటారు. అందుకే సభలో ఎవరు ఎవరిని ఏమన్నారన్నదానికంటే, ఉపన్యాసాలన్నీ ముగిశాక వచ్చే ఆ కొద్ది నిమిషాల కోసమే ఎదురుచూస్తాను.

మంత్రి సమాధానం పూర్తవుతుంది. సభాపతి కాగితం అందుకుంటారు. ‘రెండు నుంచి పద్దెనిమిది వరకు ఉన్న క్లాజులు బిల్లులో భాగం కావాలన్నది ప్రశ్న, ఒప్పుకునేవారు అవుననండి, ఒప్పుకోనివారు కాదనండి’ అని అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యాన్ని గబగబా చదువుతారు. ఆయనకు కుడివైపు బెంచీల నుంచి కొన్ని గొంతులు కలిసి వినిపిస్తాయి. ఆ వెంటనే ఒకటో క్లాజు, ఆ తర్వాత బిల్లు పూర్తి పేరు. మళ్లీ అవే గొంతులు. బల్లల చప్పుడు. బిల్లు ఆమోదం పొందింది. నా ప్రతిలో నేనింకా నాలుగో క్లాజు రెండో ఉపక్లాజు దగ్గరే ఉంటాను.

దీన్ని మనం మూజువాణి ఓటు అంటాం. ఉర్దూ నుంచి వచ్చిన మాట, నోటిమాట అని అర్థం. చేతులెత్తి లెక్కించకుండా, వినిపించిన గొంతులను బట్టి నిర్ణయించడం. అభ్యంతరం ఉన్న సభ్యుడు డివిజన్ కావాలని అడిగితే నిలబెట్టి లెక్క తీయాలి. మూజువాణి ఓటులో తప్పేమీ లేదు. అందరికీ సమ్మతమైన క్లాజుకు లెక్కలెందుకు? నాకున్న బాధ వేరు. ఆ గొంతులు కలిపిన సభ్యుల్లో పద్దెనిమిది క్లాజులూ చదివినవారు ఎందరు? ప్రతిపక్షం బెంచీల్లో చదివినవారు ఎందరు? చదవడానికి వాళ్లకు ఎంత సమయం ఇచ్చారు?

ఇన్నేళ్లుగా ఈ పని చేస్తూ నేను గమనించినది ఒకటుంది. సభలో జరగని చర్చ ఆగిపోదు. మండల కార్యాలయం వరండాలో జరుగుతుంది, కోర్టు మెట్ల మీద జరుగుతుంది, ఎన్నికల సభల్లో జరుగుతుంది, రోడ్డు మీద పాదయాత్రగా నడుస్తుంది. అక్కడికి చేరేసరికి ఆ చర్చ ఖర్చు మోసేది శాసనసభ్యులు కాదు, మనం.

మా ఇంటి సంగతే చెబుతాను. కొత్త పాసుపుస్తకం వచ్చినప్పుడు మా నాన్న పేర ఎకరం పన్నెండు గుంటలు ఉండవలసిన చోట పన్నెండు గుంటలే పడింది. ఎకరం మాయమైంది. పాత పహాణీ నకలు తీసుకుని కార్యాలయానికి వెళ్లాం. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడారు. నకలు చూశారు, సర్వే నంబరు సరిచూశారు. ‘మీరు చెప్పేది నిజమేనండీ, ఎవరికైనా కనిపిస్తుంది. కానీ దిద్దే అధికారం నాకు లేదు’ అన్నారు. ఎవరికుంది అని అడిగితే పైకి దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఆ ఒక్క ఎకరం తిరిగి కాగితం మీదికి రావడానికి రెండేళ్ల నాలుగు నెలలు పట్టింది. ఆ మధ్యలో నాన్న కనీసం ఇరవైసార్లు బస్సెక్కారు. ప్రతిసారీ అదే ప్లాస్టిక్ సంచి, అవే నకళ్లు.

ఆ అధికారిని నేను తప్పుపట్టలేదు. ఇంటికి వచ్చి చట్టం తీసి చదివాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

తెలంగాణ భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల బిల్లును 2020 సెప్టెంబరు 9న శాసనసభలో ప్రవేశపెట్టారు. 11న సభ ఆమోదించింది. 14న మండలి ఆమోదించింది. అంటే ఆరు రోజుల్లో రెండు సభలూ దాటింది. అక్టోబరు 29న ధరణి అనే ఆన్‌లైన్ భూ రికార్డుల పోర్టల్ ప్రారంభమైంది. దానికి ముందున్న 1971 నాటి చట్టంలో తహసీల్దారు ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీవో దగ్గర అప్పీలు చేసుకునే వీలుండేది, ఆపైన రివిజన్ ఉండేది. ఆ మెట్లు నిదానంగా సాగేవి, లంచాలకు చోటిచ్చేవి, నిజమే. గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ మీద జనానికి ఎంత కోపముండేదో పల్లెల్లో పెరిగిన వాడిగా నాకు తెలుసు. ప్రభుత్వం ఆ మెట్లను తీసేసింది. వాటి స్థానంలో, రికార్డులో తప్పు పడితే రైతు తట్టవలసిన తలుపు ఏదో కొత్త చట్టంలో సరిగా చెప్పలేదు. తర్వాత సర్క్యులర్లు, కొత్త కొత్త మాడ్యూళ్లు వస్తూ పోయాయి. ఇల్లు కట్టి గృహప్రవేశం చేశాక గుమ్మాలు కోసుకున్నట్టు.

ఆ బిల్లు మీద సభలో చర్చే జరగలేదని అనను. గంటల తరబడి మాట్లాడారు. ముఖ్యమంత్రి సుదీర్ఘంగా సమాధానం చెప్పారు. అవినీతి గురించి, నిజాం కాలపు రికార్డుల గురించి, రైతు కన్నీళ్ల గురించి ఎన్నో మాటలు వచ్చాయి. అవన్నీ బిల్లు ఉద్దేశం మీద మాటలు. ఉద్దేశం మీద ఎవరికీ పెద్ద పేచీ లేదు. పేచీ ఉండవలసింది క్లాజుల దగ్గర: ఈ క్లాజు ప్రకారం విస్తీర్ణం తప్పు పడితే దిద్దేదెవరు? ఎన్ని రోజుల్లో? దిద్దకపోతే రైతు ఎక్కడికి వెళ్లాలి? ఈ మూడు ప్రశ్నలు ఆ సెప్టెంబరులో ఒక సభ్యుడు పట్టుబట్టి అడిగి, ఒక సవరణ రాయించి ఉంటే మా నాన్న బస్సు ఎక్కే పని లేకపోయేది. మా నాన్న ఒక్కరే అయితే ఇంత రాయను. ఆ వరండాలో ఆయన పక్కన కూర్చున్నవాళ్లంతా అదే ప్రశ్న పట్టుకుని వచ్చినవాళ్లు.

క్లాజుల దగ్గర ఏం జరుగుతుందో బయటివారికి తెలియడం కష్టం, అందుకని కాస్త వివరంగా చెప్పనివ్వండి. నేను బిల్లు చదివేటప్పుడు మూడు రకాల మాటలకు పెన్సిలుతో గుండ్రం చుడతాను. మొదటిది ‘చేయవచ్చు’, ‘చేయాలి’ మధ్య తేడా. అధికారి విచారణ జరపవచ్చు అంటే జరపకపోయినా ఎవరూ అడగలేరు. జరపాలి అంటే జరపనందుకు కోర్టుకు వెళ్లవచ్చు. ఒక్క క్రియాపదం మారితే రైతు చేతిలోకి హక్కు వస్తుంది, లేదా జారిపోతుంది. రెండోది గడువు. ‘తగిన సమయంలో’ అని ఉంటే ఆ సమయం ఎప్పటికీ రాకపోవచ్చు. ‘ముప్పై రోజుల్లో’ అని ఉంటే ముప్పై ఒకటో రోజున అడిగే నోరు వస్తుంది.

మూడోది ‘నిర్దేశించిన విధంగా’. ఇంగ్లీషులో ప్రిస్క్రైబ్డ్ అంటారు. చూడటానికి అమాయకమైన మాట. బిల్లు మొదట్లో ఉండే నిర్వచనాల్లో దీని అర్థం ఉంటుంది: ఈ చట్టం కింద ప్రభుత్వం చేసే నియమాల ద్వారా నిర్దేశించిన, అని. అంటే ఆ విషయం సభ తేల్చదు, తర్వాత సచివాలయంలో తేలుస్తారు. ఫీజు ఎంత? నిర్దేశించిన మేరకు. దరఖాస్తు ఎలా? నిర్దేశించిన నమూనాలో. అప్పీలు ఎవరికి? నిర్దేశించిన అధికారికి. పదిహేను పేజీల బిల్లులో ఇరవైకి పైగా గుండ్రాలు చుట్టిన రోజులున్నాయి నాకు. ఫారం నమూనా వంటివి నియమాలకు వదిలేయడంలో ఇబ్బంది లేదు, ప్రతి చిన్న విషయానికీ సభ కూర్చోలేదు. ఫీజు, గడువు, అప్పీలు, శిక్ష ఇవి కూడా వదిలేస్తే సభ ఆమోదించింది ఏమిటి? తాళం, తాళంచెవి రెండూ ఒకరికే ఇచ్చేసి తలుపు మనదే అనుకోవడం. నియమాలను తర్వాత సభ ముందు ఉంచాలని చట్టంలోనే రాసి ఉంటుంది. ఉంచుతారు కూడా. సభ బల్ల మీద పెట్టిన కాగితాల జాబితాలో ఒక వరుసగా అవి దాటిపోతాయి.

ఇక భాష. మన రెండు రాష్ట్రాల సభల్లోనూ సభ్యులు తెలుగులో మాట్లాడతారు, చేతిలో ఉన్న బిల్లు ఇంగ్లీషులో ఉంటుంది. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం శాసనసభ బిల్లులకు, చట్టాలకు ఇంగ్లీషు పాఠమే ప్రామాణికం. అదే అధికరణంలో, రాష్ట్రం తన భాషలో బిల్లులు తెచ్చుకునే వీలు కూడా ఉంది. అప్పుడు గెజిట్లో వేసే ఇంగ్లీషు అనువాదం ప్రామాణికమవుతుంది. ఆంధ్రప్రదేశ్ 1966లోనే తెలుగును అధికార భాషగా చేస్తూ చట్టం చేసుకుంది. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా తొలిసారి గెలిచిన ఒక సభ్యుడు, తన ఊరి భూముల గురించి ఎవరికంటే బాగా తెలిసిన మనిషి, రాత్రి అందిన ఇంగ్లీషు బిల్లును పొద్దున్నే సవరించాలి. ఆయన ఏం చేస్తాడు? పార్టీ కార్యాలయం ఇచ్చిన నాలుగు ముక్కలు చూసి మాట్లాడతాడు. అది ఆయన అసమర్థత అని నేను అనుకోను.

‘రాత్రి అందిన’ అన్నాను కదా. సభా నిబంధనల్లో బిల్లు ప్రతి సభ్యులకు ముందుగా అందాలన్న గడువు ఉంటుంది. అవసరమైతే సభాపతి ఆ గడువు సడలించవచ్చనీ ఉంటుంది. ఆ సడలింపే ఇప్పుడు అలవాటైపోయింది. శాసనసభల పనితీరును లెక్కగట్టే పీఆర్ఎస్ సంస్థ వివరాల ప్రకారం 2021లో దేశంలోని రాష్ట్ర శాసనసభలు సగటున 21 రోజులే కూర్చున్నాయి. బిల్లుల్లో 44 శాతం ప్రవేశపెట్టిన రోజున గానీ మరునాడు గానీ ఆమోదం పొందాయి. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ శాసనసభ పది రోజులు కూడా కూర్చోలేదు. కోవిడ్ నడుస్తోంది, ఒప్పుకుంటాను. అయినా మే 20న ఒక్క రోజులో 2.29 లక్షల కోట్ల బడ్జెట్ సభకు వచ్చి, ఆమోదం పొంది వెళ్లిపోయింది. రాజ్యాంగం పనితీరును సమీక్షించిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002లో పెద్ద రాష్ట్రాల సభలు ఏడాదికి కనీసం 90 రోజులు కూర్చోవాలని సూచించింది.

ఆంధ్రప్రదేశ్ భూ యాజమాన్య హక్కుల చట్టం కథ నాకు మరీ బాధ కలిగించింది, ఎందుకంటే అందులో మంచి ఆలోచన ఉంది. మన దేశంలో రిజిస్టరు దస్తావేజు ఉన్నా, పాసుపుస్తకం ఉన్నా, భూమి నీదేనని ప్రభుత్వం హామీ ఇవ్వదు. ఆ హామీ ఇచ్చే పద్ధతి కావాలని చాలా ఏళ్లుగా నిపుణులు చెబుతున్నారు, నీతి ఆయోగ్ నమూనా చట్టం కూడా తయారుచేసింది. ఆంధ్రప్రదేశ్ సభ 2019లోనే ఒక బిల్లు ఆమోదించింది. కేంద్రం అభ్యంతరాలు చెప్పింది. మార్పులతో 2022లో మళ్లీ ఆమోదించింది. రాష్ట్రపతి సమ్మతి వచ్చింది, 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి వచ్చింది. భూమి తగాదాల్లో సివిల్ కోర్టుల పాత్రను తగ్గించి, టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి చేతికి, అప్పిలేట్ అధికారుల చేతికి ఇవ్వడం అందులో కీలకం. ఇంత పెద్ద మార్పు గురించి పల్లెల్లో ఎవరికి తెలుసు? న్యాయవాదులు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కితే కొంత తెలిసింది. మిగతాది 2024 ఎన్నికల ప్రచారంలో తెలిసింది.

ఆ వేసవిలో గుంటూరు వైపు వెళ్లినప్పుడు ఒక టీకొట్టు దగ్గర విన్నాను. ‘మన పొలం కాగితాలు వాళ్లు తీసేసుకుంటారట’ అంటున్నాడు ఒకాయన. ‘అదేం లేదు, ఇంకా గట్టి హక్కు వస్తుంది’ అంటున్నాడు ఇంకొకాయన. ఇద్దరి చేతుల్లోనూ చట్టం లేదు. నా సంచిలో ఉంది. తీసి చూపిద్దామనుకున్నాను. తీసినా ఆ ఇంగ్లీషు క్లాజులు వాళ్లకు ఏం చెబుతాయి? ప్రభుత్వం మారింది. 2024 జూన్ 13న కొత్త ముఖ్యమంత్రి పెట్టిన మొదటి సంతకాల్లో ఈ చట్టం రద్దు ఒకటి. జూలైలో సభ రద్దు బిల్లును ఆమోదించింది. సివిల్ కోర్టు తలుపు మూయకుండా హక్కుకు హామీ ఇచ్చే దారి ఏదైనా ఉందా, అధికారికి అంత అధికారం అవసరమా, చిన్న రైతుకు అప్పీలు ఖర్చు ఎవరు భరించాలి, ఇవి సభాసంఘంలో కూర్చుని, న్యాయవాదులను పిలిచి, రైతులను పిలిచి తేల్చవలసిన ప్రశ్నలు. అక్కడ తేలలేదు కాబట్టి భయంగా మారి ఓట్ల పెట్టెలోకి వెళ్లాయి. మంచి ఆలోచన, చెడ్డ క్లాజులు రెండూ ఒకే గోతిలో పడ్డాయి.

దిశ బిల్లును చాలామంది ఇప్పటికీ చట్టమే అనుకుంటారు. 2019 డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ సభ ఆమోదించింది. అత్యాచార కేసుల్లో ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ. హైదరాబాద్ ఘోరం జరిగి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు, ప్రతి ఇంట్లో కడుపు రగులుతోంది, నా కడుపూ రగిలింది. కేంద్ర చట్టాలను సవరించే బిల్లు కాబట్టి రాష్ట్రపతి సమ్మతి కావాలి. ఢిల్లీలో మంత్రిత్వ శాఖలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాయి. ఆ బిల్లు ఎన్నడూ చట్టం కాలేదు. అవే ప్రశ్నలు మనవాళ్లు సభలో వేసుకుని, నిలబడే పాఠం రాసి పంపి ఉండవలసింది.

రెండు సభలున్న రాష్ట్రాలు మన దేశంలో ఆరే. అందులో రెండు మనవి. రెండో సభ ఎందుకు అన్న ప్రశ్నకు 2020 జనవరి ఒక జవాబు ఇచ్చింది. ఆ 20వ తేదీ ఉదయం మంత్రివర్గం మూడు రాజధానుల బిల్లును, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్డీఏ) రద్దు బిల్లును ఆమోదించింది. అదే రోజు సభలో పెట్టి, రాత్రికి ఆమోదించారు. బయట ‘చలో అసెంబ్లీ’ అంటూ పొలాల మీదుగా వస్తున్న అమరావతి రైతులను పోలీసులు ఆపుతున్నారు. 29 గ్రామాల్లో దాదాపు 34 వేల ఎకరాలు ఇచ్చిన మనుషులకు సంబంధించిన బిల్లు ఒక్క పగలు, ఒక్క రాత్రి. మండలిలో ప్రభుత్వానికి మెజారిటీ లేదు. 22న చైర్మన్ ఎం.ఎ. షరీఫ్ తన విచక్షణాధికారంతో బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు.

ఆ విచక్షణ సరైనదా కాదా అన్న వాదన ఉంది. మండలిలో బలమున్న ప్రతిపక్షం తన రాజకీయ ప్రయోజనం కోసమే అడ్డుకుందన్న విమర్శలో నిజం లేకపోలేదు. నేను అడిగేది ఇంతే: కమిటీకి వెళ్తే ఏం పోయేది? 197వ అధికరణం ప్రకారం మండలి ఒక బిల్లును మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల మాత్రమే ఆపగలదు. చివరి మాట శాసనసభదే. ఆ కొద్ది నెలలు భరించలేక, ఐదు రోజుల తర్వాత, జనవరి 27న, 133 ఓట్లతో మండలినే రద్దు చేయాలని సభ తీర్మానించింది. కమిటీ ఏర్పడలేదు. జూన్‌లో సభ బిల్లులను మళ్లీ ఆమోదించింది, జూలై 31న గవర్నర్ సంతకం అయింది. తర్వాత? కోర్టులో వందలాది పేజీల వాదనలు. తుళ్లూరు నుంచి తిరుపతి దాకా ‘న్యాయస్థానం నుంచి దేవస్థానం’ అంటూ రైతుల నడక. 2021 నవంబరు 22న ఆ చట్టాలను ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది, మరునాడు మండలి రద్దు తీర్మానాన్నీ వెనక్కి తీసుకుంది. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు రైతుల వైపే వచ్చింది. కొన్ని నెలల కమిటీని తప్పించుకోవడానికి రెండేళ్లకు పైగా పోయాయి. ఆ రెండేళ్లలో సగం కట్టిన భవనాల్లో నీళ్లు నిలిచాయి, ఇనుప చువ్వలు తుప్పుపట్టాయి. ఆ చువ్వలు నేను కళ్లారా చూశాను.

తొందరపడని సందర్భం ఒకటి ఉంది, దాని గురించి తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. 2013 డిసెంబరులో రాష్ట్ర పునర్విభజన బిల్లు ఉమ్మడి సభకు వచ్చింది. రాష్ట్రపతి మొదట జనవరి 23 దాకా గడువిచ్చారు, తర్వాత 30 దాకా పొడిగించారు. గొడవలు, వాయిదాలు, పోడియం ముందు నినాదాలు అన్నీ జరిగాయి. వాటి మధ్యే పదుల సంఖ్యలో సభ్యులు మాట్లాడారు, తొమ్మిది వేలకు పైగా సవరణలు వచ్చాయి. మన సభ అంతగా చదివిన బిల్లు మరొకటి నాకు తెలియదు. కానీ 3వ అధికరణం కింద సభ చెప్పేది అభిప్రాయం మాత్రమే. జనవరి 30న బిల్లును తిరస్కరిస్తూ తీర్మానాన్ని మూజువాణి ఓటుతో ముగించారు. ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులు మూసి, ప్రసారం ఆపి, బిల్లును ఆమోదించింది. ఆ విభజన చట్టం తొమ్మిదో షెడ్యూలులోని 91 సంస్థలు, పదో షెడ్యూలులోని 142 సంస్థల పంపకం పదేళ్లు దాటినా రెండు ప్రభుత్వాల మధ్య ఉత్తరాలుగా, కేసులుగా తిరుగుతూనే ఉంది. విభజన న్యాయమా అన్యాయమా అన్న దగ్గర నేను, నా కోస్తా మిత్రులు ఎన్నడూ కలవలేదు. షెడ్యూళ్లు ఇంకా జాగ్రత్తగా రాయవలసిందన్న దగ్గర ఒక్కరు కూడా నాతో విభేదించలేదు.

మెజారిటీ ప్రజలే ఇచ్చారు కదా, ఇంకా ఆలస్యమెందుకు అని నన్ను చాలామంది అడిగారు. మెజారిటీ ఇచ్చింది నిర్ణయించడానికి. పద్దెనిమిది క్లాజులకూ ముందే సంతకం పెట్టి ఇవ్వలేదు. ఇంకొందరు, సభలో చర్చ అంటే తిట్లే కదా, అదెంత తగ్గితే అంత మంచిది అంటారు. వాళ్ల విసుగు నాకు అర్థమవుతుంది. పిల్లలతో కలిసి ప్రసారం చూడలేని రోజులున్నాయి. కానీ తిట్లు వచ్చేది ఉద్దేశాల మీద గంటలు గడిపినప్పుడు. ‘ఉపక్లాజు రెండులో ముప్పై రోజులను పదిహేనుగా మార్చండి’ అని అడుగుతున్న మనిషి ఎవరినీ తిట్టలేడు.

ప్రతిపక్షాల తప్పు చిన్నదేమీ కాదు. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రతిపక్ష నేత ముఖ్యమంత్రిగానే తిరిగి వస్తానని సభ విడిచి వెళ్లారు. ఆయనకు కలిగిన అవమానాన్ని తక్కువ చేయను. 2024 తర్వాత 11 మంది సభ్యులున్న పార్టీ ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని సభకు దూరంగా ఉంటోంది. తెలంగాణలో మాజీ ముఖ్యమంత్రి ఓటమి తర్వాత సభకు వచ్చిన రోజులను వేళ్ల మీద లెక్కించవచ్చు. క్లాజుల మీద నోరు విప్పవలసిన కుర్చీ ఖాళీగా ఉంటే సభాపతి ఎంత ఓపిక పట్టినా ప్రయోజనమేమిటి? పదకొండు మందైనా, ఒక్కరైనా, సవరణ ఇచ్చే హక్కు హోదాతో రాదు, గెలుపుతో వస్తుంది.

కేరళలో 1980 నుంచి సభకు విషయాలవారీ సంఘాలున్నాయి. బిల్లు మీద మొదటి చర్చ కాగానే మామూలుగా ఆ సంఘానికి వెళ్తుంది. సంబంధిత మంత్రే అధ్యక్షుడు, అన్ని పార్టీలవారూ సభ్యులు. కెమెరాలు లేని గదిలో క్లాజు తర్వాత క్లాజు చదువుతారు. అక్కడ కూడా తొందరలున్నాయి, అన్నీ సవ్యమని చెప్పను. మన దగ్గర ఆ గది అలవాటే లేదు. భూమి, చదువు, నీళ్లు, శిక్ష, వీటిలో ఏ ఒక్కటి తాకే బిల్లయినా సంఘం దాటకుండా ఆమోదానికి రాకూడదని మన రెండు రాష్ట్రాల సభలూ తమ నిబంధనల్లో రాసుకోవచ్చు. నిబంధనలు రాసుకునే అధికారం 208వ అధికరణం వాళ్లకే ఇచ్చింది. ఎవరి అనుమతీ అక్కరలేదు. బిల్లుతో పాటు తెలుగు పాఠం వారం ముందు బయట పెట్టడానికి కూడా ఎవరి అనుమతీ అక్కరలేదు. దానికి మనుషులు కావాలంటే మాలాంటివాళ్లం ఉన్నాం.

జరగదని అనుకోను, ఎందుకంటే సగం జరగడం చూశాను. 2024 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం కొత్త భూమి హక్కుల చట్టం ముసాయిదాను ముందుగా జనం ముందుంచి సూచనలు అడిగింది. తర్వాత అదే భూభారతి బిల్లయింది. ఆర్డీవో మీదుగా అప్పీలు మెట్లు మళ్లీ వచ్చాయి. డిసెంబరు 20న సభ ఆమోదించిన రోజు లోపల వేరే కేసు గురించి గొడవ, ఎగిరే కాగితాలు, నినాదాలు. నేను ఎదురుచూసే ఆ కొద్ది నిమిషాలు ఆ హోరులోనే గడిచిపోయాయి. అది నాకు కష్టం కలిగించింది. అయినా ఆ ఆగస్టు నెల ఊరికే పోలేదు.

ఆ నెలలో ఒక సాయంత్రం మా ఊరి పంచాయతీ అరుగు మీద ముసాయిదాను తెలుగులో చదివి వినిపించాను. పాతిక మంది దాకా వచ్చారు. వాన పడేలా ఉంది, కరెంటు రెండుసార్లు పోయింది, ఎవరో ఫోను వెలుగు పట్టారు. అప్పీలు గురించి చదువుతూ ‘నిర్దేశించిన గడువులోగా’ అన్న చోటికి వచ్చాను. స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒక పెద్దాయన చెయ్యి ఎత్తారు. ఆయన భూమి మూడేళ్లుగా వేరేవాళ్ల పేర ఉంది.

‘నిర్దేశించిన గడువు అంటే ఎన్ని రోజులు బిడ్డా?’ అని అడిగారు.

రాసి లేదు పెద్దయ్యా అన్నాను. తర్వాత రాస్తారు.

‘అయితే ఇప్పుడే అడుగు’ అన్నారు. పెన్సిలుతో ఆ వాక్యం పక్కన, అంచులో, ఆయన ప్రశ్న రాసుకున్నాను. రాత్రి ఇంటికి వచ్చి, సూచనల కాగితంలో దాన్నే మొదటి వరుసలో పెట్టి పంపాను.